అమ్మమ్మ పడుకుని చూసిన చోటు

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నా ఆ రోజు డైరీలో కూడా రాయలేదు. "ఎండ బాగుంది. అమ్మమ్మతో బయటికి వెళ్లాను" అని రాసి మూసేశాను. అమెరికాలో మేముండే ట్రాయ్‌లో, మా ఇంటికి కాస్త దూరంలో ఒక సమాధుల తోట ఉంది. ఒక ఏప్రిల్ ఉదయం అక్కడి గడ్డి మీద దుప్పటి పరుచుకుని అమ్మమ్మ, నేను పక్కపక్కన వెల్లకిలా పడుకున్నాం. తన సమాధికి ఆ చోటు బాగుంటుందో లేదో చూసుకోవడానికి ఆమె పడుకుంది. నేను మా తాతయ్య స్థానంలో పడుకున్నాను.

అమ్మమ్మ మా దగ్గరికి వచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. తాతయ్య పోయిన మరుసటి ఏడు అమ్మ తెనాలి వెళ్లి ఆమెను తీసుకొచ్చింది. అమ్మ నర్సు, నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. పగలంతా ఇంట్లో ఉండేది అమ్మమ్మ ఒక్కతే. స్కూలు నుంచి రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు వాక్యం చదివించుకునేది. ఆమె కళ్లకు శుక్లాలు. ఒత్తులు పలకకపోతే ఊరుకునేది కాదు. నా తెలుగంతా అక్కడి నుంచి వచ్చిందే. తర్వాత కాలేజీలో, ఇండియా నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయిలు నా తెలుగు విని "నువ్వేంటే, పాస్టరమ్మలా మాట్లాడతావు" అని నవ్వేవారు. నేనూ నవ్వి, ఇంక మాట్లాడకుండా పుస్తకం తెరుచుకునేదాన్ని.

అమ్మమ్మ మాటల్లో మనుషులు చనిపోయేవారు కాదు, ప్రభువులో నిద్రించేవారు. మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నం, ఒక అమెరికన్ చర్చిలో వాళ్ల ఆరాధన అయిపోయాక, అదే హాల్లో కూడేది. "ఫలానా బ్రదర్ తండ్రిగారు ప్రభువునందు నిద్రించారు" అని ప్రకటన చదివేవారు. ఆ వెంటనే ప్రార్థనలో "ఆయన ఇప్పుడు పరలోకంలో దూతలతో కలిసి పాడుతున్నారు" అనేవారు. నిద్రపోతున్నారా, పాడుతున్నారా? ఇది నాకు పెద్ద చిక్కుగా ఉండేది. లేచి అడగడం నావల్ల అయ్యే పని కాదు. అమ్మమ్మను మాత్రం అడగగలిగాను. ఆమె అప్పుడు చిక్కుళ్లు వలుస్తోంది.

"రాత్రి పడుకున్నావు. పొద్దున లేచావు. మధ్యలో ఎంతసేపు పోయిందో నీకు తెలిసిందా?"

"తెలీదు."

"అంతే. పడుకున్నోళ్లకి కాలం లేదు. కళ్లు మూసి తెరిచేలోపు తెల్లారిపోద్ది. ఎదురుచూపులన్నీ మనకే. ఇంక పాడుతున్నారా అంటావా, మీ తాతయ్య నిద్దట్లో కూడా ఎక్కాలు చెప్పేవాడు. పాడితే మాత్రం ఏం పోయింది?"

తాతయ్య మిషన్ బడిలో లెక్కల మాస్టారు.

నిద్రించినవాళ్లంతా లేచే ఆ తెల్లవారడం ఎలా ఉంటుందో అమ్మమ్మకు స్పష్టంగా తెలుసు. బూర మోగుతుంది. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు. అందుకే మా వాళ్లలో మనిషిని తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టి మట్టి చేస్తారు. లేచి కూర్చోగానే ఎదురుగా ఆయన కనబడాలి. తెనాలిలో తాతయ్య సమాధికి ఎడమ పక్కన అమ్మమ్మ కోసం చోటు వదిలారు. ఈస్టరు నాడు చీకటితో లేచి, కొవ్వొత్తులు పట్టుకుని అందరూ సమాధుల తోటకు వెళ్తారు. సమాధికి ముందే సున్నం వేయించి, ఆమె ఆ ఖాళీ చోట నిలబడి ప్రార్థన చేసుకునేదట. "నా మంచం మీద నేనే నిలబడ్డట్టుండేది" అనేది.

అమెరికా రావడానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే, చివరికి తనను ఆ చోటికి చేర్చాలని. అమ్మ సరే అంది. కానీ ఇక్కడికి వచ్చిన కొన్నేళ్లకు అమ్మమ్మ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. అంత దూరం విమాన ప్రయాణం కుదరదని డాక్టరు చెప్పేశాడు. ఊపిరి పోయాక పంపించే మాట నాన్న ఒకసారి ఎత్తితే అమ్మమ్మే వద్దంది.

"సామాన్లలో వేస్తారంట గదా బాబూ. కిటికీ పక్కన కూర్చుని వచ్చినదాన్ని, సూట్‌కేసుల మధ్య పడుకుని పోనా?"

డయాలసిస్‌కు నేనే తీసుకెళ్లి తీసుకొచ్చేదాన్ని. అప్పటికి నేను కాలేజీలో చేరాను, లైసెన్సు కొత్త. మొదటి రోజు తీసుకురావడానికి వెళ్తే వెయిటింగ్ రూమ్‌లో అమ్మమ్మ కనబడలేదు. కౌంటర్ దగ్గర మనిషి ఉంది, అడగొచ్చు. నేను అడగలేక తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆమె అక్కడే, పెద్ద కుండీ చెట్టు వెనక, హీటరు పక్కన వెచ్చగా కూర్చుని నన్ను చూస్తోంది. చాలాసేపటికి ఆమే కర్ర పట్టుకుని లేచి వచ్చింది. "అచ్చం మీ తాతయ్యవే" అంది. అప్పుడు ఆ మాట మెచ్చుకోలు అనుకున్నాను.

ఆ చలికాలం చివర్లో మా సంఘంలో ఒక అంకుల్ పోయారు. ఎప్పుడో ఇక్కడికి వచ్చి స్థిరపడి రిటైరైన డాక్టరు. ఫ్యూనరల్ హోమ్‌లో ఆయనకు సూటు వేసి, బుగ్గలకు కాస్త రంగద్ది పడుకోబెట్టారు. అమ్మమ్మ వంగి చూసి నా చెవిలో "పెళ్లికి పోతున్నట్టున్నాడే" అంది.

సమాధి దగ్గర పెట్టెను గుంట మీద పట్టీలపై నిలిపారు. తవ్విన మట్టి కనబడకుండా ఆకుపచ్చ తివాచీ కప్పారు. ప్రార్థన అయింది. భోజనాలు ఫలానా చోట అని ఎవరో ప్రకటించారు. అందరూ కార్ల వైపు కదిలారు. అమ్మమ్మ కదల్లేదు.

"దించలేదు గదా. ఎక్కడికి పోతున్నారు?"

"ఇక్కడ అంతే అమ్మమ్మా. మనం వెళ్లాక వాళ్లు దించుతారు."

"మనిషిని వాకిట్లో నిలబెట్టి మనం భోజనానికి పోతామా?"

ఆమె కర్ర నా చేతికిచ్చి, తివాచీ అంచు ఎత్తి, గడ్డకట్టిన మట్టి పెళ్లలు రెండు చేతుల్లో నలిపి పెట్టె మీద వేసింది. చప్పుడుకు ఆంటీ వెనక్కి తిరిగింది, పోయిన అంకుల్ భార్య. ఒక్క క్షణం చూసి, హైహీల్స్‌తో ఆ బురదలో నడుచుకుంటూ వెనక్కి వచ్చి తనూ ఒక గుప్పెడు వేసింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. పనివాళ్లు కాసేపు ఆగి, అందరూ చూస్తుండగానే పెట్టెను దించారు. భోజనాలు ఆలస్యమయ్యాయి.

అమ్మమ్మ మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుడి వైపు చూస్తోంది. కారు ఎక్కగానే నాన్నను అడిగింది.

"బాబూ, ఇక్కడ పొద్దు ఎటు పొడుస్తుంది?"

"ఎక్కడైనా తూర్పునే అత్తయ్యా."

"అయితే ఆయన్ని తిప్పి పెట్టారు. కాళ్లు పడమటికి ఉన్నయ్యి."

"అమ్మా, వాళ్లు పాండ్ కనిపిస్తుందని ఆ ప్లాట్ తీసుకున్నారు. ఆంటీకి ఆ వ్యూ నచ్చింది" అంది అమ్మ.

"లేచినరోజు చెరువు చూస్తా కూర్చుంటాడా? ప్రభువు వెనకనించి వచ్చి వీపు తట్టాలా?"

నాన్న స్టీరింగ్ మీద పడి నవ్వారు. "దేవుడికి జీపీఎస్ ఉంటుంది లెండి అత్తయ్యా."

"ఆయనకుంటుంది. లేచినోడికి తెలియొద్దా, ఎటు తిరగాల్నో?"

నాన్న ఇంకా నవ్వుతూనే ఉన్నారు. అమ్మ నవ్వలేదు. వెనక సీట్లో అమ్మమ్మ చేతివేళ్ల సందుల్లో ఇంకా మట్టి ఉంది. దాన్ని ఆమె తుడుచుకోలేదు. తన విషయమూ ఇలాగే ఎవరికో నచ్చిన వ్యూ ప్రకారం తేలిపోతుందేమో అని ఆమె భయపడుతోందని నాకు అర్థమైంది. అంతవరకే అర్థమైంది.

శనివారం ఉదయం మా సంఘానికి ఫోన్‌లో ప్రార్థన ఉండేది. అందరూ ఒకే నంబరుకు కాల్ చేసి కలుస్తారు. ట్రాయ్ నుంచి ఉద్యోగాలు మారి వెళ్లిపోయిన వాళ్లు కూడా దూరాన ఉన్న ఫ్రిస్కో నుంచి, పడమటి తీరంలోని బాతెల్ నుంచి కలిసేవారు. బాతెల్ వాళ్లకు అప్పటికింకా సరిగ్గా తెల్లవారేది కాదు, ఆవులిస్తూ స్తోత్రం చెప్పేవారు. ఎవరింట్లోనో కుక్కర్ కూత వేసేది. "మ్యూట్ చేసుకోండి, మ్యూట్" అని పాస్టర్ గారు బతిమాలేవారు. వారం రోజులూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మెత్తటి మనిషి.

ఆ వారం సందేహాలేమైనా ఉన్నాయా అని ఆయన అడిగినప్పుడు అమ్మమ్మ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"అయ్యగారూ, లేచినప్పుడు మా ఆయన నన్ను గుర్తుపడతారా?"

"తప్పకుండా గుర్తుపడతారు అమ్మగారూ. కానీ అక్కడ పెళ్లిళ్లు, భార్యాభర్తల బంధాలు ఉండవు. మనమంతా దూతల్లాగా ఉంటాం."

మ్యూట్ చేసుకోని ఒక ఆంటీ గొంతు వినబడింది. "హమ్మయ్య, అక్కడన్నా వంట తప్పుద్ది." అంతటా నవ్వులు. పాస్టర్ గారు కూడా నవ్వేశారు.

అమ్మమ్మ ఫోను నాకిచ్చేసింది. ఆ పూట ఇడ్లీ ముట్టుకోలేదు.

మర్నాడో, ఆ పైవారమో సరిగ్గా గుర్తులేదు, డయాలసిస్ లేని ఒక ఉదయం, అమ్మ డ్యూటీకి వెళ్లాక అమ్మమ్మ శాలువా కప్పుకుని తయారైపోయింది. చేతిలో సంచి.

"ఆ తోటకి తీసుకుపో."

"అమ్మకి చెప్పి వెళ్దాం అమ్మమ్మా."

"మీ అమ్మ వింటే ఏడుస్తది, లేకపోతే కసురుకుంటది. లైసెన్సు తెచ్చుకున్నావు గదా, ఊరికే డయాలసిస్‌కి తిప్పడానికేనా? పద."

అంకుల్‌ను పెట్టిన వైపు ఆమె వెళ్లలేదు. చెరువుకు ఎదురు దిక్కున, మేపుల్ చెట్ల కింద పాత సమాధులున్నాయి. రాళ్లు నల్లబడి, కొన్ని ఒరిగిపోయి, చాలావాటి మీద పేర్లు జర్మన్ పేర్లలా ఉన్నాయి. నేను చదివి వినిపిస్తూ నడిచాను. అమ్మమ్మకు పేర్లు అక్కర్లేదు. సూర్యుణ్ణి, రాళ్లను, మళ్లీ సూర్యుణ్ణి చూస్తోంది.

"వీళ్లందరూ ఒక వైపుకే పడుకున్నారు, చూడు. తూర్పుకే." ఆమె ముఖం విప్పారింది. "వీళ్లు కూడా మనోళ్లేనే."

ఒక మేపుల్ పక్కన గడ్డి మాత్రమే ఉన్న చోటు కనబడింది. అక్కడ ఆగి సంచిలోంచి దుప్పటి తీసింది. తన మంచం మీది దుప్పటే. అప్పుడు గానీ ఆమె ఉద్దేశం నాకు తెలియలేదు.

"అమ్మమ్మా, వద్దు. ఎవరైనా చూస్తారు."

"చూడనీ. చెప్పులు కొనేటప్పుడు తొడిగి చూడవూ?"

భుజం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాను. ఆమె తల పడమర చేసి పడుకుంది. కాళ్లు కలిపి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుంది.

"ఎండ కళ్లల్లో పడుతుంది. సరిగ్గానే ఉంది." కుడి చేత్తో దుప్పటి మీద తట్టింది. "ఈ పక్కన ఆయన ఉండాలి. నువ్వు పడుకో."

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. పడుకున్నాను. నేల చల్లదనం దుప్పటిలోంచి వీపుకు తగిలింది. కొమ్మలకు ఇంకా ఆకుల్లేవు, ఎర్రటి చిన్న చిన్న మొగ్గలు మాత్రం ఉన్నాయి. దూరంగా రోడ్డు మీద కార్ల మోత, వాన కురుస్తున్నట్టు.

"మీ తాతయ్య లేవగానే ఏం చేస్తాడో తెలుసా?" ఆమె ఆకాశంలోకి చూస్తూ అంది. "ముందు ఎదురుగా చూడడు. పక్కకి చూస్తాడు. పెళ్లయినకాడ్నించీ అదే అలవాటు. పక్కకి తిరిగి 'లేచావా' అంటాడు. ఆ రోజు పక్కన ఏముంటది? గడ్డి."

"ఎవర్నైనా అడుగుతాడు కదా అమ్మమ్మా."

"ఎవరు, ఆయనా? నీ సిగ్గు ఎక్కడ్నించి వచ్చిందనుకున్నావు? గుంటూరులో తెనాలి బస్సనుకుని బెజవాడ బస్సెక్కాడు. తప్పు బస్సని తెలిసి కూడా కండక్టరుతో చెప్పలేక మంగళగిరి దాకా పోయినోడు. అట్టాంటోడు, దేశదేశాలోళ్లందరూ లేచి నిలబడితే, దూతలు, బూరలు, ఆ గోలలో ఎవర్ని అడుగుతాడు? నేను లేవలేదనుకుంటాడు." ఆమె గొంతు తగ్గింది. "దేవుడి జీవగ్రంథంలో నా పేరు లేదనుకుంటాడు. అట్టా అనుకుని, తలొంచుకుని పోతాడే."

అప్పుడు అర్థమైంది, ఆమె భయం తూర్పు గురించి కాదు. తూర్పుకు పడుకోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉన్న పని, అందుకని దాన్ని పట్టుకుంది.

"పాస్టర్ గారు అక్కడ భార్యాభర్తలు ఉండరన్నారుగా" అన్నాను. ఓదారుస్తున్నాననుకున్నాను.

"పెళ్లి లేకపోతే పోనీ. పలకరించుకోడానికి కూడా పెళ్లి కావాలా?"

లైబ్రరీ నుంచి సంచులకొద్దీ పుస్తకాలు తెచ్చుకుని, తలుపేసుకుని చదివేదాన్ని. వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న లేదు. తల పక్కకు తిప్పాను. అంత దగ్గరగా ఆమె ముఖాన్ని అలా పడుకుని ఎప్పుడూ చూడలేదు. చెవి పక్కన పుట్టుమచ్చ, మూసిన కనురెప్ప మీద సన్నటి నీలం నరం. తాతయ్య రోజూ ముందుగా చూసింది ఇదే. ఎందుకన్నానో నాకు తెలియదు. మెల్లగా "లేచావా?" అన్నాను.

ఆమె కళ్లు తెరవలేదు. పొట్ట మీద చేతులు కదిలేలా నవ్వింది. "ఆయన గొంతు ఇంకొంచెం బొంగురు" అంది.

అప్పుడే అడుగుల చప్పుడు వినబడి గబుక్కున లేచి కూర్చున్నాను. చేతిలో పసుప్పచ్చ పూలతో ఒక ముసలాయన, అమెరికన్, కంగారుగా మా వైపు వస్తున్నాడు. ఆవిడ పడిపోయిందా, ఎవరినైనా పిలవాలా అని ఇంగ్లీషులో అడిగాడు.

నా ముఖం మండిపోయింది. "లేదండీ. ఆమె... చోటు చూసుకుంటోంది."

ఆయన నవ్వలేదు. టోపీ తీశాడు. "ఎలా ఉందట?" అన్నాడు.

నేను తెలుగులో అడిగితే అమ్మమ్మ పడుకునే జవాబిచ్చింది. "బాగుందని చెప్పు. ఎండ బాగా వస్తుందని చెప్పు."

ఆయన రెండు వరసల అవతల ఒక రాయి చూపించాడు. అది ఆయన భార్యది. అదే రాయి మీద పక్కన ఆయన పేరూ చెక్కించి ఉంది. పుట్టిన ఏడు ఉంది, దాని తర్వాత గీత, గీత తర్వాత ఖాళీ. భార్యకు ఒంటరిగా పడుకోవడం మొదటినుంచీ భయమట. అందుకే తాను వచ్చేవరకు తోడుగా ఉంటుందని, రెండోపక్క ఆమె అక్కను పెట్టించాడట. నేను చెబుతుంటే అమ్మమ్మ కళ్లు తెరిచి వింది.

"వాళ్లక్కా?"

"అవునట."

ఆమె చెయ్యి చాచింది. "లేపవే. ఆ రోజు ప్రభువు లేపుతాడు గానీ, ఇయ్యాల్టికి నువ్వే లేపాలి."

ముసలాయన ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని లేపాం. ఇంటికి వచ్చే దారిలో ఇంకోసారి తనలో తను "వాళ్లక్క" అనుకుంది.

మర్నాడు పొద్దున్నే, తెనాలిలో సాయంత్రం అయ్యే వేళకు, తెనాలి అమ్మమ్మకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టమంది. తెనాలి అమ్మమ్మ అంటే తాతయ్య చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు, మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వదినామరదళ్లిద్దరికీ ఏనాడూ పడేది కాదని అమ్మ చెప్పేది.

"గట్టిగా చెప్పు వదినా, ఈ పాడు ఫోను వినబడి చావదు."

"నా చోటు నువ్వు తీసుకో."

"ఏం చోటు?"

"మీ అన్నయ్య పక్కన చోటు."

"ఏమైంది నీకు? డాక్టరేమన్నాడు?"

"డాక్టరు సంగతి తర్వాత. తీసుకుంటావా లేదా?"

"పెళ్లైన మర్నాటి నించి నన్ను మా అన్నయ్య పక్కన కూర్చోనిచ్చావా నువ్వు? ఆదివారం గుడికి పోయే రిక్షాలో కూడా కింద కాళ్లకాడ కూర్చోబెట్టావు. ఇప్పుడు పిలిచి చోటిస్తున్నావా?"

"ఊరికే ఇయ్యట్లేదు. పనుంది. మీ అన్నయ్య లేవగానే పక్కకి చూస్తాడు. నువ్వు కనబడతావు."

"నా మొహం చూసి మళ్లీ పడుకుంటాడు."

"పడుకోనీయబాకు. చెప్పు. వదిన కూడా లేచింది, అమెరికాలో లేచింది, తూర్పుకే తిరిగి ఉంది, కంగారుపడబాకు అని చెప్పు. నువ్వైతే నోరున్నదానివి. చెప్పగలవు."

"అమెరికా అంటే ఎంత పెద్దది! ఏ ఊరని చెప్పను?"

"ట్రాయ్."

"ట్రాయి."

"మిషిగన్."

"మిచ్చిగాను."

"మిషిగన్."

"ఇదంతా నోరు తిరిగి చెప్పేలోపు బూర అయిపోద్ది వదినా!"

ఇద్దరూ నవ్వారు. అమ్మమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక అవతలి గొంతు మారింది. "నన్ను గోడ పక్కన పెడతామన్నారు వదినా, ఆ తుమ్మచెట్ల కాడ. సరే అన్నాను. నా పక్కన ఎవరుంటారని నేనెప్పుడూ అడగలా."

"ఇప్పుడు అడక్కుండానే వచ్చింది గదా" అంది అమ్మమ్మ, కసురుతున్నట్టు.

అమ్మతో చెప్పే పని నా మీద పడింది. ఆ సాయంత్రం ఆమె గిన్నెలు కడుగుతుంటే వెనక నిలబడి చెప్పాను. మనసులో చాలాసార్లు అనుకున్న వాక్యమే. "అమ్మమ్మకి పాత సెక్షన్‌లో, మేపుల్ చెట్టు పక్కన ఒక చోటు నచ్చింది."

అమ్మ వెనక్కి తిరగలేదు. కుళాయి పారుతూనే ఉంది. మీరెప్పుడు వెళ్లారు, ఎందుకు వెళ్లారు అని అడుగుతుందనుకున్నాను. కాసేపయ్యాక కుళాయి కట్టేసి, "కాళ్లు తూర్పుకేనా?" అంది.

"తూర్పుకే."

నాన్న వెళ్లి ఆ చోటు మాట్లాడి వచ్చారు. కారులో ఉండే చూశామని వాళ్లు అనుకున్నారు. నేను అలాగే అనుకోనిచ్చాను.

ఆ తర్వాత అమ్మమ్మ పాస్టర్ గారిని ఏమీ అడగలేదు. ఆదివారం తెనాలికి ఫోన్ చేసి ఆడపడుచుకు పరీక్ష పెట్టేది. "ఏ ఊరు?" "ట్రాయి." "ఏ రాష్ట్రం?" "మిచ్చిగాను. పోనీలే వదినా, మా అన్నయ్య లెక్కల మాస్టారు, లెక్కేసుకుని పట్టుకుంటాడు." ఎండాకాలమంతా ఇద్దరూ అంతకుముందు యాభై ఏళ్లలో మాట్లాడుకోనంత మాట్లాడుకున్నారు. ఎక్కువగా పోట్లాటే.

ఆకులు రాలే రోజుల్లో, డయాలసిస్ జరుగుతుండగానే ఆమెకు గుండె పట్టేసింది. అక్కణ్ణుంచే ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేను చేరేసరికి కళ్లు మూసి ఉంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకునే ఉంది. మర్నాడు అమ్మమ్మ నిద్రించింది. నేను కూడా ఆమె మాటే వాడుతున్నాను. వేరే మాట నాకు నోటికి రాలేదు.

మేపుల్ చెట్టు ఎర్రగా ఉంది. ప్రార్థన అయ్యాక ఎవరూ కార్ల వైపు వెళ్లలేదు. తివాచీ ఎత్తింది మొదట అంకుల్ భార్య, ఆ ఆంటీయే. పెట్టె కిందికి దిగుతుంటే కాళ్లు ఎటున్నాయో నేను చూశాను, అమ్మ కూడా చూసింది. ఒకరినొకరం చూసుకుని తల ఊపాం. మట్టి వేశాక చేతులు నేనూ తుడుచుకోలేదు.

తెనాలికి ఫోన్ చేయమని అమ్మ నాకిచ్చింది. తనవల్ల కాలేదు. నావల్ల కూడా కాలేదు. అవతల ఎత్తిన చప్పుడు వినబడింది, నేను "అమ్మమ్మా" అని ఆగిపోయాను. ఆమెకు అర్థమైంది. తర్వాత తెనాలి అమ్మమ్మ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, నెమ్మదిగా, "ట్రాయ్. మిషిగన్" అంది. రెండూ సరిగ్గా పలికింది.

ఆమె కూడా ఇప్పుడు అన్నయ్య పక్కన పడుకుంది. సున్నం వేసిన రెండు సమాధుల ఫోటో ఎవరో పంపితే అమ్మ ఫ్రిజ్ మీద అంటించింది. మధ్యలో ఖాళీ లేదు.

లేచే రోజు నిజంగా అలాగే ఉంటుందా అని నన్నెవరైనా అడిగితే చెప్పలేను. నమ్ముతున్నాను, అమ్మమ్మ అంత స్పష్టంగా మాత్రం కాదు. మేపుల్ చెట్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె కుడి పక్కన గడ్డి మీద కాసేపు కూర్చుంటాను. ఆ పసుప్పచ్చ పూల ముసలాయన కనబడితే ఇప్పుడు నేనే ముందు పలకరిస్తాను.

అమ్మమ్మ నాతో చివరిసారి మాట్లాడింది ఆస్పత్రిలో కాదు, డయాలసిస్ సెంటర్ తలుపు దగ్గర. కారు ఆపి, దిగి, చెయ్యి పట్టుకుని లోపలిదాకా తీసుకెళ్లాను. క్లాసుకు ఆలస్యమవుతోంది. మూడు గంటల్లో వస్తానని చెప్పి వెనక్కి తిరిగాను. అప్పుడు అమ్మమ్మ కర్రతో నా కాలి మీద మెల్లగా తట్టి, ప్రతిసారీ అనే మాటే అంది.

"నేను కనబడకపోతే ఎవర్నన్నా అడుగు. సిగ్గుపడి తలుపుకాడే నిలబడబాకు."